కార్డు బాకీ ‘కొట్టేయిస్తాం’ అనే సర్వీసులు: ఫీజుకు తగ్గ పని జరుగుతోందా?

క్రెడిట్ కార్డు బాకీ మూడు నెలలు దాటిందంటే రెండు రకాల ఫోన్లు మొదలవుతాయి. ఒకటి రికవరీ ఏజెంట్లది. రెండోది ‘మీ అగ్రిమెంటులో లొసుగులున్నాయి సార్, బాకీ కొట్టేయిస్తాం’ అనేవాళ్లది. హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్, కూకట్‌పల్లి వైపు చిన్న ఆఫీసు తీసుకుని నడిపేవాళ్లు కొందరైతే, ఆఫీసు జోలికే పోకుండా వాట్సాప్ మీద బండి లాగించేవాళ్లు కొందరు. ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ గురించీ కాదు. అందరూ అటూ ఇటూగా అమ్మే సరుకు ఒకటే కాబట్టి ఆ సరుకు గురించి: ఎంత తీసుకుంటారు, చెప్పిన పని అవుతుందా, అయినా అది న్యాయమేనా.

తీర్పు ముందే చెప్పేస్తాం. కార్డు మీద బ్యాంకు తప్పుగా వేసిన ప్రతి రూపాయినీ తీయించుకోవచ్చు, తీయించుకోవాలి కూడా. మీరు గీకి వాడుకున్న డబ్బు మాత్రం, అగ్రిమెంటు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా, మీరు కట్టాల్సిందే. ఈ రెండింటినీ ఒకే మూట కట్టి అమ్మడం దగ్గరే ఈ సర్వీసులతో పేచీ.

ప్యాకేజీ సాధారణంగా ఇలా ఉంటుంది. చేరేటప్పుడు ఎన్‌రోల్‌మెంట్ ఫీజు. ఒక ఆథరైజేషన్ లెటరు మీద సంతకం. కార్డుకు ఇక పైసా కట్టొద్దని సలహా. బ్యాంకు కాల్స్ తమ నంబరుకు ఫార్వర్డ్ చేయించడం. ఓ లెటర్‌హెడ్ మీద బ్యాంకుకు లీగల్ నోటీసు: ‘మా క్లయింటు సంతకం చేసిన ఒరిజినల్ అగ్రిమెంటు చూపండి, లేకుంటే బాకీ చెల్లదు.’ ఆపైన ఆరేడు నెలలు నిరీక్షణ, చివర్లో సెటిల్‌మెంటు (బాకీలో కొంత కట్టించుకుని మిగతాది బ్యాంకు వదిలేసే రాజీ), ‘మిగిల్చిన’ మొత్తం మీద శాతం చొప్పున ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ.

వీటిలో పనికొచ్చే ముక్క ఒకటుంది. భయపడిపోయిన మనిషికి ఫోన్ ఎత్తి నింపాదిగా మాట్లాడేవాడు దొరుకుతాడు. ఏజెంటు ఇంటికొస్తే ఏమనాలో, ఉదయం 8కి ముందూ రాత్రి 7 తర్వాతా ఫోన్ చేయకూడదన్న ఆర్‌బీఐ నిబంధనను ఎలా ఎత్తిచూపాలో చెబుతారు. ఆ మేరకు సర్వీసు బాగానే ఉంది. మిగతాదే చూడాలి.

లొసుగు వాదన ఎక్కడిది?

ఇది పూర్తిగా గాలి కబురేం కాదు, కాకపోతే మన దేశానిది కాదు. ఇంగ్లండ్‌లో 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 127(3) సెక్షన్ ప్రకారం, అప్పు పత్రంలో చట్టం అడిగిన ముఖ్య వివరాలు సరిగా లేకపోతే కోర్టు ఆ పత్రాన్ని అమలు చేయడానికి వీల్లేదు. విల్సన్ వర్సెస్ ఫస్ట్ కౌంటీ ట్రస్ట్ కేసు దీనికి పేరుమోసింది. కారు తాకట్టు మీద ఇచ్చిన 5,000 పౌండ్లకు 250 పౌండ్ల డాక్యుమెంటు ఫీజు కలిపి, అప్పు 5,250 అని రాశారు. ఫీజును అప్పులో కలిపి చూపకూడదు. ఆ ఒక్క అంకె వల్ల కంపెనీకి అసలూ పోయింది, వడ్డీ పోయింది. వ్యవహారం 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్ (అక్కడి అప్పటి అత్యున్నత కోర్టు) దాకా వెళ్లినా ఫలితం మారలేదు.

దాంతో అక్కడ ‘మీ కార్డు అగ్రిమెంటు పంపండి, తప్పు వెతికిపెడతాం’ అనే వ్యాపారం ఊపందుకుంది. 2007 ఏప్రిల్ 6 నుంచి చేసుకున్న అగ్రిమెంట్లకు ఆ సెక్షన్ వర్తించకుండా తీసేశారు. 2009లో మెక్‌గఫిక్ కేసులో, అమలు చేయలేని అప్పు అయినంత మాత్రాన అప్పు లేకుండా పోదని, ఎగవేతను బ్యాంకు క్రెడిట్ బ్యూరోకు (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థకు) చెప్పుకోవచ్చని తేల్చారు. అదే ఏడాది డిసెంబరులో కేరీ వర్సెస్ హెచ్‌ఎస్‌బీసీ తీర్పు వచ్చింది. కస్టమర్ కాపీ అడిగితే సంతకమున్న పాత కాగితమే ఇవ్వక్కర్లేదు, రికార్డుల్లోంచి తిరిగి తయారుచేసిన కాపీ చాలు అంది. అక్కడే ఆరిపోయిన ఆ ఎత్తును ఇక్కడ తెలుగులో తర్జుమా చేసి అమ్ముతున్నారు.

మన దగ్గర 127(3) లాంటి సెక్షన్ లేదు. ఉన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టం 65వ సెక్షన్: ఒప్పందం చెల్లదని తేలితే, దాని కింద లాభం పొందినవాడు ఆ లాభాన్ని తిరిగి ఇవ్వాలి. అంటే మీ లాయరు గెలిచి అగ్రిమెంటునే చెల్లకుండా చేశాడనుకుందాం, అప్పుడూ మీరు కొన్న ఫ్రిజ్ డబ్బు తిరిగివ్వాల్సిందే. పోయేది ఆ అగ్రిమెంటు పేరు చెప్పి వేసిన వడ్డీ, పెనాల్టీల మీద బ్యాంకు పట్టు. పైగా సంతకం కాగితం దొరకనంత మాత్రాన బ్యాంకు కేసు కూలిపోదు. బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫై చేసిన స్టేట్‌మెంటు సాక్ష్యంగా నిలుస్తుంది. కార్డు మీ ఇంటికే వచ్చింది, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది, రెండేళ్లు మీ ఖాతా నుంచే బిల్లు కట్టారు. ఇన్ని ఉండగా ‘నేను సంతకం పెట్టలేదు’ అంటే జడ్జి ముందు నిలబడదు.

మన జనం ప్రామిసరీ నోటు లెక్కతో దీన్ని చూస్తారు, మోసపోయేది అక్కడే. రెవెన్యూ స్టాంపు అంటించని నోటు కోర్టులో సాక్ష్యానికి పనికిరాదన్నది నిజమే. కార్డు బాకీ నోటు మీద నడిచేది కాదు, ఖాతా మీద నడిచేది.

నోటీసులో వాడే ఇంకో పాత వాదన కూడా చెల్లిపోయింది. ‘30 శాతం మించిన వడ్డీ చట్టవిరుద్ధం’ అని ఇప్పటికీ రాస్తున్నారు. అది 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు. 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మీకు చూపించిన నోటీసు డ్రాఫ్టులో ఈ లైను కనిపిస్తే, అది పాత టెంప్లేటులో పేరు మార్చి ఇచ్చినదని అర్థం.

ఫీజు లెక్క కాగితం మీద

ఒక ఉదాహరణ వేద్దాం. స్టేట్‌మెంటులో మొత్తం బాకీ రూ.3,11,744. విడగొడితే: కొనుగోళ్లు రూ.1,86,000, వడ్డీ రూ.82,000, లేట్ ఫీజులు రూ.14,400, వడ్డీ మీదా ఫీజు మీదా జీఎస్టీ రూ.17,352, అడక్కుండా అంటగట్టిన కార్డు ప్రొటెక్షన్ ప్లాను నెలకు 1,499 చొప్పున ఎనిమిది నెలలకు రూ.11,992.

సర్వీసువాళ్లు సగానికి సెటిల్ చేయించారనుకుందాం. బ్యాంకుకు రూ.1,55,872 కడతారు. ‘మిగిలింది’ కూడా అంతే కాబట్టి దాని మీద 15 శాతం ఫీజు, జీఎస్టీతో కలిపి రూ.27,589. మొదట్లో కట్టిన ఎన్‌రోల్‌మెంట్ ఐదు వేలు జీఎస్టీతో రూ.5,900. అన్నీ కలిపి జేబులోంచి పోయింది రూ.1,89,361. వాడుకున్న అసలు కన్నా రూ.3,361 ఎక్కువ! ‘సగం మాఫీ’ అన్నది చివరికి ఇక్కడ తేలింది. అసలు మొత్తం ఒకేసారి కడతానని బ్యాంకును నేరుగా అడిగి ఉంటే దాదాపు ఇదే ఖర్చుకు, క్రెడిట్ రిపోర్టులో మెరుగైన ముద్ర కోసం బేరమాడే బలం ఉండేది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఫీజును లెక్కేసేది చేరిన రోజు బాకీ మీద కాదు, సెటిలైన రోజు బాకీ మీద. మీరు కట్టడం మానేసిన ఆరు నెలల్లో వడ్డీ పెరిగిన కొద్దీ ‘మిగిల్చిన’ అంకె పెరుగుతుంది, వాళ్ల ఫీజూ పెరుగుతుంది. తొందరగా తేల్చాలన్న ఆత్రం వాళ్లకెందుకుంటుంది? చేరి తీరాలనుకుంటే ఒక్క మాట రాయించుకోండి: ఫీజును చేరిన రోజు స్టేట్‌మెంటు అంకె మీదే లెక్కించాలి, సెటిల్‌మెంటు లెటరు చేతికొచ్చాకే కట్టాలి. దీనికి ఒప్పుకోనివాళ్లను వదిలేయండి.

‘మా ప్యానెల్ అడ్వకేట్లు శాతం ఫీజుకే వాదిస్తారు’ అంటే అక్కడే ఆగాలి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, ప్రకటనలిచ్చి క్లయింట్లను పట్టడం బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం లాయర్లకు నిషిద్ధం. ఇక ‘ఆర్‌బీఐ అప్రూవ్డ్’ బోర్డు సంగతి. సెటిల్‌మెంటు కంపెనీలకు ఆర్‌బీఐ లైసెన్సులివ్వదు. పైగా ‘రుణమాఫీ సర్టిఫికెట్లు’ ఇస్తామంటూ సర్వీసు, లీగల్ ఫీజులు గుంజేవాళ్ల జోలికి పోవద్దని 2023 డిసెంబర్ 11న ఆర్‌బీఐయే హెచ్చరించింది.

ఎక్కడ తేడా కొడుతుంది

కాల్ ఫార్వర్డింగ్ హాయిగానే ఉంటుంది, అసలు ముప్పు కూడా దాంట్లోనే. ఏజెంటు తిట్లతోపాటు అసలు నోటీసులూ మీకు చేరవు. బ్యాంకు సివిల్ కోర్టులో ఆర్డర్ 37 కింద సమ్మరీ సూట్ (పూర్తి విచారణ లేకుండా త్వరగా తేల్చే దావా) వేస్తే, సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు నమోదు చేయాలి. ఆ గడువు దాటితే డిక్రీ (బాకీ కట్టాలన్న కోర్టు ఉత్తర్వు) దాదాపు ఖాయం. చాలా కార్డు ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు (తగాదాను కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉంటుంది. ముంబైలోనో చెన్నైలోనో కూర్చున్న ఆర్బిట్రేటరు నోటీసు మెయిల్‌కో వాట్సాప్‌కో వస్తుంది, ‘అవన్నీ బెదిరింపులే, పట్టించుకోవద్దు’ అంటాడు సర్వీసు కుర్రాడు. అవార్డు, అంటే ఆ మధ్యవర్తి తీర్పు, వచ్చేస్తుంది. నిజానికి అగ్రిమెంటు లోపం పనికొచ్చే ఒక మంచి చోటు ఇదే. ఆర్బిట్రేటరును బ్యాంకు తనంతట తానే నియమించుకుంటే ఆ అవార్డును సవాలు చేయడానికి 2019 నాటి సుప్రీంకోర్టు పర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు గట్టి ఆధారం. కాకపోతే సవాలుకు గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో 30 రోజులు. కాల్ ఫార్వర్డ్ పెట్టుకుని పడుకున్నవాళ్లకు ఈ తారీఖులు దొరకవు.

కార్డు, జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే మరీ ప్రమాదం. ఒకటో తారీఖు జీతం పడగానే బ్యాంకు బాకీ కింద పట్టుకునే అవకాశం ఉంది. ‘కట్టొద్దు’ అని చెప్పేముందు ఈ ప్రశ్న అడగని కన్సల్టెంటు కన్సల్టెంటే కాదు.

బ్యాంకు ‘రైటాఫ్’ చేసిందంటే బాకీ తీరిందనుకోవడం ఇంకో పొరపాటు. అది బ్యాంకు తన పుస్తకాల్లో చేసుకునే సర్దుబాటు. వసూలు హక్కు అలాగే ఉంటుంది, రిపోర్టులో ఆ ముద్ర ‘సెటిల్డ్’ కన్నా అధ్వానంగా కనిపిస్తుంది.

న్యాయం మాట

బ్యాంకులు పెద్దోళ్లకు వేల కోట్లు వదిలేస్తాయి, మనమే హరిశ్చంద్రులమా అనేవాళ్ల కోపంలో అర్థం లేకపోలేదు. ఆ కోపాన్ని సెటిల్‌మెంటు బేరంలో వాడుకోండి, తప్పులేదు. ఉద్యోగం పోయిందనో, ఆసుపత్రి బిల్లు మీద పడిందనో ఇంతకన్నా కట్టలేనని నిజం చెప్పి, బ్యాంకు తెలిసే ఒప్పుకుంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. 2023 జూన్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన రాజీ పరిష్కారాల చట్రం బ్యాంకులకు ఆ దారి చూపిస్తూనే, అలా సెటిల్ చేసుకున్నవాళ్లకు అదే బ్యాంకు మళ్లీ అప్పివ్వడానికి కనీసం 12 నెలల విరామం పెట్టింది. ఇరుపక్కలా తెలిసి చేసుకున్న వ్యవహారం అది.

డబ్బుండి, వాడుకున్న సంగతి గుర్తుండి, ఫైల్లో సంతకం పేజీ లేదని తెలిసి ‘ఈ కార్డు నాది కాదు’ అనడం మాత్రం వేరే కథ. మన కాలనీల్లో చిట్టీ పాడుకుని డబ్బు తీసుకున్నవాడు, రసీదు పుస్తకంలో తారీఖు తప్పు పడిందని మిగతా వాయిదాలు ఎగ్గొడితే ఏమంటారో అదే దీనికీ వర్తిస్తుంది. అఫిడవిట్‌లో ఆ అబద్ధం రాయమని చెప్పే సర్వీసు మిమ్మల్ని కాపాడటం లేదు, శిక్ష పడే నేరంలోకి దింపుతోంది.

కాలదోషం సంగతి మధ్యస్థం. మూడేళ్లు దాటితే బ్యాంకుకు దావా హక్కు పోతుంది, అప్పు పోదు. ఎప్పుడో బతుకు చితికిపోయి, ఐదేళ్ల తర్వాత బాకీ కొనుక్కున్న ఏజెన్సీ వచ్చి మీద పడితే కాలదోషాన్ని అడ్డం పెట్టుకోవడం సబబే. మూడేళ్లు దాక్కుందామని ముందే పథకం వేయడం సబబు కాదు, తెలివైన పనీ కాదు. గడువు లోపల చిన్న మొత్తం కట్టి చెల్లు పడినా, బాకీ ఉన్నానని సంతకంతో ఒప్పుకున్నా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క. ‘గుడ్‌విల్ కింద ఓ రెండు వేలు వేయండి’ అని ఏజెంటు బతిమాలేది అందుకే.

నిజంగా కొట్టేయించుకోవలసినవి

2022 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ కార్డు నిబంధనల్లో సరుకు చాలా ఉంది, పైగా ఉచితం. స్టేట్‌మెంట్లు పన్నెండు నెలలవి ముందేసుకుని ఎరుపు పెన్నుతో చూడండి.

గడువు తేదీ దాటి మూడు రోజుల్లోపు కట్టినా లేట్ ఫీ వేశారా? వేయకూడదు. ఫీజును మొత్తం బిల్లు మీద కాక, గడువు నాటికి మిగిలిన బాకీ మీదే లెక్కించాలి. కట్టని ఫీజుల్నీ పన్నుల్నీ అసలులో కలిపేసి మళ్లీ వడ్డీ వేయకూడదు, చాలా స్టేట్‌మెంట్లలో మీరు పట్టుకోగలిగే అసలైన లొసుగు ఇదే. పట్టుకునే తీరు: ఒక నెల ముగింపు బాకీలోంచి ఆ నెల వేసిన లేట్ ఫీ, జీఎస్టీ తీసేయండి, మిగిలినదానికి నెల వడ్డీ కట్టండి. నెలకు 3.6 శాతం, బాకీ 50,000 అయితే వడ్డీ 1,800, దాని మీద జీఎస్టీ 324. పైనెలలో కొత్త కొనుగోళ్లేమీ లేకుండానే వడ్డీ అంతకన్నా ఎక్కువ కనిపిస్తే తేడా ఎక్కడిదో రాతపూర్వకంగా అడగండి. కొత్త కొనుగోళ్లుంటే మాత్రం ఈ లెక్క కుదరదు, పాత బాకీ ఉన్నంతకాలం వాటికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఛార్జీలు పెంచితే నెల ముందు నోటీసివ్వాలి, వెనక తేదీ నుంచి వేయకూడదు. ఇన్సూరెన్సు మీ స్పష్టమైన అనుమతి లేకుండా తగిలించకూడదు. అడక్కుండా కార్డిచ్చి బిల్లు వేస్తే బిల్లు తీసేయడమే కాదు, దానికి రెట్టింపు మీకు కట్టాలి. కార్డు మూసేయమని అడిగితే, బాకీ లేనిపక్షంలో ఏడు పనిదినాల్లో మూయాలి, లేకుంటే రోజుకు రూ.500. పై ఉదాహరణలో ప్రొటెక్షన్ ప్లాను రూ.11,992, దాని మీద వేసిన వడ్డీ, తప్పు లేట్ ఫీజులు ఇవన్నీ ఇలా తీయించుకోవచ్చు. దీనికి ఎవరికీ శాతం ఇవ్వక్కర్లేదు.

దారి ఇది. బ్యాంకు గ్రీవెన్స్ మెయిల్‌కు తేదీ, లైను, మొత్తం రాస్తూ పట్టిక పంపండి. ‘అగ్రిమెంటు చెల్లదు’ అని మొదలుపెట్టకండి, పంపినవాడు టెంప్లేటు మనిషని వాళ్లకు తెలిసిపోతుంది. వివాదం లేని అసలు ఎంతో మీరే రాసి, అందులో కట్టగలిగినంత కడుతూ ఉండండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) సీఎంఎస్ అనే ఆర్‌బీఐ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి, ఫీజు లేదు, సహాయానికి 14448. దీన్ని మీరే పెట్టాలి, లేదా లాయరు కాని ప్రతినిధి పెట్టాలి. లాయరు మీ తరఫున పెడితే తీసుకోరు. ‘లీగల్ టీమ్’ ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా రూ.5 లక్షల దాకా కోర్టు ఫీజు ఉండదు. బ్యాంకు పిలిస్తే లోక్ అదాలత్‌కు వెళ్లడం మంచిదే, ఖర్చుండదు. అక్కడ సంతకం పెట్టిన అవార్డు మీద అప్పీలు కూడా ఉండదు కాబట్టి వాయిదా మొత్తాలు కట్టగలిగినవేనా అని చూసుకుని పెట్టండి.

డబ్బు పెట్టాల్సిన చోటు ఒక్కటే: కోర్టు సమన్లో, ఆర్బిట్రేషన్ అవార్డో చేతికొస్తే మాట్లాడుకున్న ఫీజుకు సివిల్ లాయరును పట్టుకోవడం. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

సర్వీసు ప్యాకేజీకి మా లెక్కలో ఐదుకు ఒకటిన్నర, అది కూడా ఫోన్ ఎత్తి మాట్లాడినందుకే.

సెటిల్‌మెంటు దాకా వస్తే, బ్యాంకు మెయిల్ నుంచి వచ్చిన లెటరు లేకుండా రూపాయి కట్టొద్దు. అందులో కార్డు నంబరు చివరి అంకెలు, మొత్తం, గడువు తేదీ, ‘ఇంకేమీ బాకీ లేదు’ అన్న మాట ఉండాలి. డబ్బు కార్డు ఖాతాకే వెళ్లాలి, ఏజెంటు యూపీఐకి కాదు. నో డ్యూస్ లెటరు తీసుకోండి. బ్యాంకు 30 రోజుల్లో క్రెడిట్ బ్యూరోకు సమాచారం సరిచేయాలి. చేయకపోతే బ్యూరోకు ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరికాకుంటే ఆపై ప్రతి రోజుకూ రూ.100 పరిహారం మీకు రావాలి.